మిలిట్రీ పెద్దాయన జ్ఞాపకాలు రికార్డు చేసి దాచుకోవడం ఎలా

మన వైపు పల్లెల్లో మిలిట్రీలో చేసి వచ్చినాయన ఇల్లు పట్టుకోవడం కష్టం కాదు. గోడకు అద్దం కట్టించిన యూనిఫాం ఫోటో, అటక మీద తెల్ల పెయింటుతో నంబరూ ర్యాంకూ పేరూ రాసిన నల్ల ట్రంకు పెట్టె కనబడతాయి. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో అలాంటి పెట్టెలున్న ఇళ్లు చాలానే ఉన్నాయి. పెట్టెలో ఏముందో, ఆ ఫోటో ఏ ఊళ్లో దిగిందో మాత్రం ఇంట్లో పిల్లలకు తెలియదు.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు ఇరవై ఏళ్లున్న సిపాయికి ఇప్పుడు ఎనభై దాటాయి. 1971లో ఇరవై ఏళ్లున్నవాళ్లు డెబ్బై దాటారు. చాలామంది ముందు ఫోటోలు స్కాన్ చేసి, కాగితాలు సర్దుకుని, ఆ తర్వాత పెద్దాయన్ను కూర్చోబెట్టి మాట్లాడిద్దాం అనుకుంటారు. ఆ వరస తిరగేయండి. ముందు గొంతు, తర్వాత కాగితం. స్కానింగ్ వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు.

రికార్డింగుకు ఏర్పాట్లు

మామూలు స్మార్ట్‌ఫోన్ చాలు. చెయ్యాల్సినవి ఇవి:

1. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది, ఆగినట్టు మనకు తెలియదు కూడా.
2. రికార్డర్ సెట్టింగుల్లో వేవ్ (WAV) ఫార్మాట్ ఉంటే అది, లేకపోతే అన్నిటికంటే ఎక్కువ క్వాలిటీ ఎంచుకోండి. వేవ్‌లో మోనోగా గంటకు సుమారు 300 ఎంబీ పడుతుంది, ఎం4ఏ (M4A) ఫార్మాట్‌లో 60 ఎంబీ దాకా. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేయొద్దు, అది గొంతును బాగా కుదించేస్తుంది.
3. ఫోన్‌ను ఆయనకు జానెడు, జానెడున్నర దూరంలో, మడతపెట్టిన టవలు మీద ఉంచండి. ఉత్త టేబుల్ మీద పెడితే చెయ్యి తగిలిన ప్రతిసారీ దబ్బుమని పడుతుంది.
4. ఒక నిమిషం మాట్లాడించి, ఆపి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఈ మెట్టు మాత్రం వదలొద్దు.

మన దగ్గర రికార్డింగులు చెడేది ఎక్కువగా సీలింగ్ ఫ్యాన్ వల్ల. కూర్చున్నప్పుడు దాని చప్పుడు చెవికి తెలియదు, రికార్డులో మాత్రం మాటంతా గాలి కింద పడిపోతుంది. మే నెలలో కడపలో ఫ్యాన్ ఆపి పెద్దవాళ్లను కూర్చోబెట్టడం హింస. కాబట్టి పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపల, టిఫినూ మాత్రలూ అయ్యాక కూర్చోండి. ఎండాకాలం పోయాక మొదలుపెట్టే వీలుంటే ఇంకా మేలు. ఫ్యాన్ తప్పదంటే చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకు కొనండి. కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ కూడా ముందే చూసుకోవాలి.

ఒకసారికి ముప్పావు గంట, మించితే గంట. ఆయన హుషారుగా ఉన్నా ఆపేయండి. మర్నాడు పొద్దునకు ఆయనకే ఇంకో నాలుగు సంగతులు గుర్తొస్తాయి. వీడియో తీయాలనుంటే మూడో రోజు నుంచి తీయండి. మొదటిరోజే కెమెరా పెడితే సావధాన్‌లో నిలబడినట్టు బిగుసుకుని, ఆగస్టు 15 ఉపన్యాసం ఇచ్చేస్తారు.

ప్రతి రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, అడిగేవారి పేరు చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా ఈ వివరం గొంతులోనే ఉండిపోతుంది. ఇది ఎవరెవరు వినొచ్చో కూడా ఆయన నోటితోనే చెప్పించండి. ఇంట్లోవాళ్లేనా, ఊళ్లోవాళ్లా, ఎవరైనానా అన్నది ఆయన ఇష్టం.

ఏమడగాలి, ఏమడగకూడదు

"యుద్ధం ఎట్లుండె?" అని అడిగితే "ఏముంది, డ్యూటీ చేసినాం, వచ్చినాం" అన్న జవాబే వస్తుంది. ప్రశ్న పెద్దదైతే జవాబు చిన్నదవుతుంది. చేతికి తగిలేవి, నోటికి రుచించేవి, కాలికి నొప్పి పెట్టినవి అడగండి. ఇంట్లో మాట్లాడే యాసలోనే అడగండి (అబ్బ అంటే తాత):

"అబ్బా, ఇంట్లో చెప్పి పోయినావా, చెప్పకుండా పోయినావా?"
"భర్తీలో ఎత్తు కొలిచేటప్పుడు, ఛాతీ కొలిచేటప్పుడు ఏమన్నారు?"
"గుంతకల్లులో రైలు మారినావా? ఆ పొద్దు ఏం తిన్యావు?"
"హిందీ ఎన్నాళ్లకు వచ్చింది? రాకముందు ఉస్తాద్ చెప్పేది ఎట్లా అర్థం చేసుకుంటాంటివి?"
"లంగర్‌లో రొట్టెలు పెడితే రాగి సంగటి మీదికి మనసు పోలేదా?"
"మొదటి మంచు యాడ చూసినావు? కాళ్లకు ఏం తొడుక్కుంటాంటిరి?"
"నీ పక్క మంచం ఎవరిది? ఆయనది ఏ ఊరు?"

చివరి ప్రశ్న అన్నిటికన్నా విలువైనది. యూనిట్ నంబరు మరిచిపోయినవాళ్లు కూడా పక్క మంచం మనిషి పేరు మరవరు.

"ఎంతమందిని చంపినావు?" అని ఎప్పుడూ అడగొద్దు, పిల్లల చేత అడిగించొద్దు. "భయమేసిందా?" కూడా ఆయనంతట ఆయన అన్నాకే.

జవాబు ఆగిపోయినప్పుడు మీరు మాట అందించకండి. మనసులో పది లెక్కపెట్టండి. అసలు సంగతి చాలాసార్లు ఆ పది తర్వాతే వస్తుంది. తేదీ తప్పు చెప్పినా అక్కడికక్కడ దిద్దొద్దు, కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు కొడుకులు చుట్టూ చేరి తలా ఒకటి అడిగితే ఏదీ తెమలదు. అడిగేది ఒక్కరే ఉండాలి. కొడుక్కు చెప్పనివి మనవరాలికి చెప్పే తాతలు ఎక్కువ, ఎందుకో గానీ.

జేజిని, అంటే ఆయన భార్యను, విడిగా రికార్డు చేయండి. ఆమె పక్కన కూర్చుంటే ఆయన మాటను దిద్దుతుంది, లేదా ఆయన ముందు ఏమీ మాట్లాడదు. ఇంటి వైపు యుద్ధం ఆమె ఒక్కదానికే తెలుసు. జాబు (ఉత్తరం) రాని నెలలు ఎలా గడిచాయి, జాబు ఎవరు చదివి పెట్టేవారు, టెలిగ్రాం వచ్చిందంటే ఊరంతా ఎందుకు గుమిగూడేది, మనియార్డరు ఎంత వచ్చేది, శనక్కాయల పంటకు కూలీలను ఎవరు పిలిచేవారు. రికార్డు చేసినవాళ్లలో కూడా ఈ సగాన్ని వదిలేసినవాళ్లే ఎక్కువ. భర్త పోయి పెన్షన్ ఒక్కటే మిగిలిన ఇళ్లలోనైతే ఆమె మాటే మొత్తం రికార్డు.

ఒకే పల్టన్‌లో (బెటాలియన్‌లో) చేసినవాళ్లు పక్క ఊళ్లో ఉంటే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం బాగుంటుంది, కానీ విడివిడిగా రికార్డు చేశాకే. ముందే కలిపితే పై ర్యాంకు ఆయన చెప్పిందే ఇద్దరి జ్ఞాపకం అయిపోతుంది. పాత సుబేదారు ముందు పాత సిపాయి ఈ వయసులోనూ అడ్డం మాట్లాడడు. అలాంటి జోడీలు దొరికేది మిలిట్రీ క్యాంటీన్‌కి పోయిన రోజున, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) మందుల వరసలో, లేదా డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, డిసెంబరు 16 విజయ్ దివస్, జులై 26 కార్గిల్ దివస్ లాంటి రోజుల్లో.

మాట బరువెక్కినప్పుడు

గొంతు వణికినా, చేతులు బిగుసుకున్నా, ఒకే వాక్యం పదేపదే చెప్తున్నా రికార్డింగు ఆపండి. ఆపుతున్నామని చెప్పి ఆపండి. నీళ్లివ్వండి, పొలం సంగతో మనవడి చదువు సంగతో ఎత్తండి. "ఏం కాదులే, ఏడవొద్దు" అనొద్దు. ఆ రాత్రి నిద్ర పట్టిందా అని మర్నాడు ఇంట్లోవాళ్లను కనుక్కోండి. పాత పీడకలలు తిరిగొస్తున్నాయంటే ఆ విషయం ఇక తవ్వొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవాళ్లుంటారు. ఆయన ఒక సంవత్సరం గురించి అస్సలు మాట్లాడనంటే ఆ సంవత్సరం ఖాళీగా ఉండనివ్వండి.

ట్రంకు పెట్టె తెరిచాక

ముందు పెట్టెనే నాలుగు వైపులా ఫోటో తీయండి. మూత మీది నంబరు కొన్నిసార్లు కాగితాల మీదున్న నంబరుతో కలవదు. అది తప్పు కాకపోవచ్చు. సిపాయిగా చేరినవాళ్లు నాయబ్ సుబేదార్ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ ర్యాంకు) అయినప్పుడు 'జేసీ'తో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. ఒకే మనిషికి రెండు నంబర్లన్నమాట. పాత మెడల్ మీద పాత నంబరు, పెన్షన్ కాగితం మీద కొత్తది. రెండూ రాసిపెట్టుకోండి. 1965కు ముందు నాయబ్ సుబేదార్‌ను జమేదార్ అనేవారు. పాత కాగితంలో జమేదార్ అని ఉంటే తక్కువ ర్యాంకు అనుకోకండి.

డిశ్చార్జ్ బుక్ అన్నిటికీ తాళంచెవి. చేరిన తేదీ, విడుదలైన తేదీ, ఎందుకు విడుదలయ్యారో, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, వచ్చిన మెడల్స్ అందులో ఉంటాయి. ప్రతి పేజీ, ఖాళీ పేజీలు కూడా, స్కాన్ చేయండి. స్టాంపులు ఎక్కువగా ఖాళీ అనుకున్న పేజీల్లోనే ఉంటాయి. పీపీఓ, అంటే పెన్షన్ ఆర్డరు, తర్వాతి ముఖ్యమైన కాగితం.

జాబుల విషయంలో కవరు పారేయొద్దు. సైనికుడి చిరునామాలో ఊరి పేరుండదు, 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు). 56 ఏపీఓ ఉత్తరాలు ఢిల్లీ మీదుగా, 99 ఏపీఓవి కలకత్తా మీదుగా పోయేవి. లోపల ఒక్క ముక్క రాయకపోయినా ఆ ఏడాది ఆయన పడమట ఉన్నాడా, తూర్పున ఉన్నాడా అన్నది చాలావరకు కవరు చెప్తుంది. మనియార్డరు ఫారం అడుగున చింపి ఇచ్చే కూపన్‌లో రెండు మూడు వాక్యాలు రాసే చోటు ఉండేది. జేజిలు వాటిని బియ్యం డబ్బాలోనో దేవుడి పటం వెనకో దాచిపెడతారు. తేదీ, మొత్తం, ఆ రెండు వాక్యాలు, మూడూ పనికొచ్చేవే.

మెడల్స్‌ను చింతపండుతో గానీ పాలిష్‌తో గానీ తోమొద్దు. దేవుడి సామాను తోమినట్టు దసరాకు తోమేస్తే అంచు మీద చెక్కిన నంబరూ పేరూ అరిగిపోతాయి. స్వాతంత్ర్యం తర్వాతి మెడల్స్‌కు ఆ అంచు రాతే సాక్ష్యం. పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి, అంచును వరసగా ఫోటోలు తీయండి. ఏ మెడల్ ఏ యుద్ధానిదో తెలిస్తే సగం కథ తెలిసినట్టే. 1965కు సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కు పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ పతకాలు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు చేసినవాళ్లకు బర్మా స్టార్. పూర్వీ అంటే తూర్పు, పశ్చిమీ అంటే పడమర, కవరు మీది ఏపీఓ నంబరుతో ఇక్కడ సరిచూసుకోవచ్చు.

స్కాన్ చేయడం

కాగితాలకు 300 డీపీఐ (స్కానర్ సెట్టింగులో అంగుళానికి చుక్కల లెక్క), చిన్న ఫోటోలకు 600, నెగటివ్‌లకు 2400 తగ్గకుండా. దాచుకునే కాపీ టిఫ్‌లో, పంచుకునేది జేపెగ్‌లో. స్కానర్ లేకపోతే పొద్దుటి కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి.

వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. దాంతో ఊరు తెలుస్తుంది. వెల్లింగ్టన్ అని కనిపిస్తే న్యూజిలాండ్ పోవద్దు. అది నీలగిరుల్లో కూనూరు పక్కన, మద్రాస్ రెజిమెంట్ సెంటర్ ఉన్న ఊరు.

అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకొద్దు. తేమకు ఫోటో మీది పొర మెత్తబడి అద్దానికి పట్టుకుంటుంది, లాగితే ముఖమే ఊడొస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి. లామినేషన్ వద్దు, సెల్లో టేపు వద్దు. వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా. బాల్ పెన్ను ముందు వైపుకు గీత తేలుస్తుంది. యూనిఫాంలో మెడల్ రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద ఉంటాయి. నెగటివ్ నుంచి తీసిన ఫోటోలో అవి ఆయన కుడి రొమ్ము మీద కనబడితే అది తిరగబడి వచ్చిందన్నమాట.

తిరిగి దాచేటప్పుడు న్యూస్‌పేపర్‌లో చుట్టకండి, దాని ఆమ్లం పక్క కాగితాన్ని కూడా పసుపు చేస్తుంది. కలరా ఉండలు ఫోటోలకు తగలకూడదు. అటక మీద, మిద్దె కింద, ఎండాకాలం రేకు పెట్టె లోపల వేడి ఘోరంగా ఉంటుంది. కిందికి దించి, చెదలు పట్టని ఇనుప బీరువాలో నేలకు ఎత్తుగా పెట్టండి. ఖాళీ పెట్టె అటక మీదే ఉన్నా నష్టం లేదు.

మాట, తేదీ కలపడం

పెద్దవాళ్లు సంవత్సరం చెప్పరు. "పెద్దోడు పుట్టినాక", "ఆ యేడు శనక్కాయలు పీకినాక" అంటారు. అది తప్పు లెక్క కాదు, పెద్దోడు పుట్టిన తేదీ కనుక్కుంటే సంవత్సరం తేలుతుంది. పక్కన ఈ తేదీలు పెట్టుకోండి: చైనా యుద్ధం 1962 అక్టోబరు 20న మొదలై నవంబరు 21న ఆగింది. 1965లో మన సైన్యం లాహోర్ వైపు దాటింది సెప్టెంబరు 6న, కాల్పుల విరమణ 23న. 1971 యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 దాకా. సియాచిన్‌కు తొలి ఆపరేషన్ 1984 ఏప్రిల్ 13న. శ్రీలంకకు శాంతి సేన 1987 జులై ఆఖరున పోయి 1990 మార్చిలో తిరిగొచ్చింది. కార్గిల్ 1999 మే నుంచి జులై 26.

ఇక్కడే చాలామంది మనవళ్లు తాతను తప్పు పడతారు. "యుద్ధం డిసెంబరులోనే అయిపోయింది కదా, 1972లో పాకిస్తాన్ భూమిలో ఉన్నానంటాడేంది?" అని. ఉండొచ్చు. పడమటి సరిహద్దులో పట్టుకున్న భూమిని వదిలి వెనక్కి వచ్చింది 1972 డిసెంబరులోనే. 1965 యుద్ధమప్పుడూ అంతే, తాష్కెంట్ ఒప్పందం 1966 జనవరి 10న జరిగి, సైన్యాలు వెనక్కి తగ్గడం ఫిబ్రవరిలో అయింది. మధ్యలోని ఆ నెలల్లో మందుపాతరలు తీస్తూ గాయపడినవాళ్లున్నారు. పుస్తకంలో యుద్ధం ముగిసిన తేదీ ఆయన కందకంలోంచి లేచిన తేదీ కాకపోవచ్చు.

పాత పేర్లు కూడా అంతే. నేఫా అంటే నేటి అరుణాచల్ ప్రదేశ్. లంగర్ (వంటశాల), పల్టన్, కోత్ (ఆయుధాల గది), పిట్టూ (వీపు సంచి), బడా ఖానా (అందరూ కలిసి తినే విందు), దర్బార్ (అధికారి సిపాయిలతో జరిపే సభ) లాంటి మాటలను తెలుగులోకి మార్చి రాయకండి. పక్కన అర్థం రాసి అలాగే ఉంచండి. ఆయన "పోతాంటిమి" అంటే "వెళ్తుండేవాళ్లం" అని దిద్దొద్దు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో రికార్డింగు సగం ఉర్దూలో నడిస్తే నడవనివ్వండి. గంట మాటను పూర్తిగా రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే ఐదు నిమిషాలకొకసారి ఏ సంగతి నడుస్తోందో ఒక వాక్యం రాస్తే చాలు.

కాగితాలు పోయిన ఇళ్లలో

డిశ్చార్జ్ బుక్ పోతే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. మాజీ సైనికుడిగా అక్కడ పేరు నమోదై ఉంటే నంబరు దొరకొచ్చు. నంబరు దొరికితే ఆయన చేసిన రెజిమెంటు లేదా కోర్ రికార్డ్స్ ఆఫీసుకు వారసుల హోదాలో ఉత్తరం రాయొచ్చు. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన సంవత్సరం, మీతో బంధుత్వానికి రుజువు జతచేయండి.

జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. కాగితాల్లో ఉండేది ఆయన చేరిన నాటి జిల్లా. 1953 అక్టోబరు 1కి ముందు చేరినవాళ్ల రాష్ట్రం మద్రాసు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం వాళ్లకు అప్పటి జిల్లా బళ్లారి. గిద్దలూరు, కంభం, మార్కాపురం వాళ్లకు 1970 దాకా కర్నూలు. నంద్యాల, హిందూపురం వాళ్లు 2022 నాటి కొత్త జిల్లా పేరు రాస్తే పాత రిజిస్టరులో కలవదు. కడపకు 2005 దాకా ఇంగ్లీషు స్పెల్లింగే వేరు, 'సి'తో మొదలయ్యేది.

చనిపోయినవాళ్ల కోసం వెతికే దారి వేరు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. తెలుగు పేరును ఆనాటి గుమాస్తా విన్నట్టు రాసి ఉంటాడు, నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించాలి. బతికి వచ్చినవాళ్లు అందులో ఉండరు. స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ల పేర్లు 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నాయి.

పంచుకునే ముందు

పీపీఓ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, డిశ్చార్జ్ బుక్ మొదటి పేజీ ఫోటోలు ఏ గ్రూపులోనూ పెట్టొద్దు. పెన్షన్ ఆఫీసు నుంచి అంటూ ఓటీపీ అడిగే దొంగ ఫోన్లకు అవి చాలు. మెడల్ ఫోటో పంపాలంటే ఫోటోలో సర్వీసు నంబరు మీద నల్ల గీత కొట్టాకే పంపండి. ఇంట్లో ఇంకెవరైనా ఇప్పుడు సర్వీసులో ఉంటే వాళ్ల యూనిట్, చోటు, సెలవు తేదీల మాట బయటి కాపీలో ఉండకూడదు. గ్రూప్ ఫోటోలో ఉన్న తోటివాళ్ల గురించి పెద్దాయన కోపంగా అన్న మాటలుంటే అవి ఇంటి కాపీలోనే ఉంచండి, వాళ్లకూ మనవళ్లున్నారు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదు.

కాపీలు మూడు ఉండాలి: ఇంట్లో హార్డ్ డిస్క్, ఆన్‌లైన్‌లో ఒకటి, బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు దగ్గర ఇంకొకటి. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు, బీరువాలో పడేస్తే కొన్నేళ్లకు తెరుచుకోకపోవచ్చు. హార్డ్ డిస్క్ కూడా వాడకుండా వదిలేస్తే మొరాయిస్తుంది. చాలామంది పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు కదా, ఏటా అదే రోజు డిస్క్ తగిలించి, ఏదో ఒక ఫైలు తెరిచి, పెద్దాయన పక్కన కూర్చుని పది నిమిషాలు వినండి. "అది కాదురా, నేను చెప్పింది వేరే" అని ఆయన అంటే, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రికార్డర్ ఆన్ చేయండి.